గాయం ఒకరిది, చికిత్స ఇద్దరికీ

ఒక జంటను ఊహించుకోండి. రోడ్డు ప్రమాదం నుంచి భార్య ప్రాణాలతో బయటపడింది. విరిగిన ఎముకలు అతుక్కున్నాయి. కానీ వెనక లారీ హారన్ మోగితే చాలు, ఒళ్లంతా చెమటలు, ఊపిరాడదు. అది చూడలేక భర్త కిటికీలు మూసేస్తాడు. టీవీలో ప్రమాదం వార్త రాగానే చానల్ మార్చేస్తాడు. కూరగాయలు తేవడం, పిల్లల్ని బడికి దింపడం, బ్యాంకు పనులు అన్నీ తనే నెత్తిన వేసుకుంటాడు. ఏడాది తిరిగేసరికి ఆమె గడప దాటడమే మానేసింది. ఆయన ప్రేమలో ఏ లోపమూ లేదు. అయినా ఆమె జబ్బు ముదిరింది.

ఘోరమైన ఘటన తర్వాత మనసును పట్టి పీడించే ఈ జబ్బు పేరు పీటీఎస్‌డీ. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం దీన్ని అధికారికంగా గుర్తించింది. వద్దన్నా ముసిరే జ్ఞాపకాలు, పీడకలలు, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం దీని లక్షణాలు. అయితే దీన్ని పెంచి పోషించేది తప్పించుకు తిరగడం. హారన్ మోగినా తనకేమీ కాలేదన్న అనుభవం మెదడుకు మళ్లీ మళ్లీ కలిగితేనే భయం తగ్గుతుంది. ఆ అవకాశం రాకుండా తప్పుకున్న ప్రతిసారీ భయమే గెలుస్తుంది. కట్టుకున్నవాళ్లు కష్టం కలగకూడదని అడ్డుపడినప్పుడు కూడా జరిగేది ఇదే.

అందుకే క్యాండిస్ మాన్సన్, స్టెఫనీ ఫ్రెడ్‌మన్ అనే మనస్తత్వవేత్తలు ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టే చికిత్సను రూపొందించారు. మొత్తం 15 విడతలు. మొదట జబ్బు గురించి చెబుతారు, ఇంట్లో కోపతాపాలు చెయ్యి దాటకుండా చూసుకోవడం నేర్పుతారు. తర్వాత మాట్లాడుకోవడం, వినడం. ఏయే చోట్లకు, ఏయే పనులకు దూరమయ్యారో ఇద్దరూ కలిసి రాసుకుని, ఒక్కొక్కటే మళ్లీ మొదలుపెడతారు. పైన చెప్పిన జంటైతే ముందు వీధి చివర కాసేపు నిలబడటం, ఆ తర్వాత బస్టాండు, చివరికి హైవే. అప్పుడు భర్త పని ఆమె బదులు వెళ్లడం కాదు, ఆమెతో వెళ్లడం. చివరి విడతల్లో ‘తప్పంతా నాదే’, ‘ఎవర్నీ నమ్మకూడదు’ వంటి ఆలోచనలు ఎంతవరకు నిజమో ఇద్దరూ కలిసి పరిశీలిస్తారు. ఘటనను పూసగుచ్చినట్టు మళ్లీ చెప్పమని ఎవరూ ఒత్తిడి చేయరు. నాకు ఇందులో బాగా నచ్చింది ఇదే.

బోస్టన్, టొరంటోల్లో 40 జంటలపై జరిగిన పరీక్ష ఫలితాలు 2012లో ‘జామా’ అనే వైద్య పత్రికలో వచ్చాయి. చికిత్స కోసం వేచి ఉన్నవారితో పోలిస్తే చికిత్స పొందినవారిలో లక్షణాలు దాదాపు మూడింతలు ఎక్కువగా తగ్గాయి. ఆ జంటల్లో స్వలింగ జంటలు కూడా ఉన్నాయి.

ఆ చివరి మాట చిన్నదేమీ కాదు. జంటంటే భార్యాభర్తలే కానక్కర్లేదు. దాడికో వేధింపుకో గురైన ఒక ట్రాన్స్ మహిళ క్లినిక్‌కు వస్తే, దరఖాస్తులో ‘భర్త పేరు’ అనే గడి తప్ప మరొకటి లేకపోతే, తన పక్కన కూర్చున్న మనిషిని ఏమని రాయాలి? అక్కడే నోరు మూతపడుతుంది. మన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ఈ విషయంలో స్పష్టంగా ఉంది: లింగం, లైంగికత, మతం, కులం, వైకల్యం ఏ కారణంగానూ చికిత్సలో వివక్ష కూడదు. లైంగికతను ‘మార్చేస్తామనే’ చికిత్సలను వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా 2022లో జాతీయ వైద్య కమిషన్ ప్రకటించింది. అలా మారుస్తామని ఎవరైనా అంటే అది వైద్యం కాదు, మరో గాయం.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. కొట్టేవాడు ఇంట్లోనే ఉంటే జంట చికిత్స పనికిరాదు. అతని పక్కన కూర్చుని ఆమె నిజం చెప్పలేదు, చెబితే ఇంటికెళ్లాక దెబ్బలు. మాన్సన్ బృందం కూడా తీవ్ర హింస ఉన్న జంటలను పరీక్షలోకి తీసుకోలేదు. పోలీస్ స్టేషన్లో, పెద్దల పంచాయితీలో ‘సర్దుకుపోండి’ అని చెప్పి పంపడాన్ని చికిత్స అనుకోవద్దు. అలాంటి చోట ముందు కావలసింది రక్షణ, ఆ తర్వాత ఆమెకు విడిగా వైద్యం.

మీ ఇంట్లో ఇలా నలుగుతున్నవాళ్లుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. 24 గంటలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.