పసివారి కాలేయానికి సూదిలేని పరీక్ష

కుండ కొనవచ్చిన ఇల్లాలు దానిని పగులగొట్టి చూడదు. వేలి మెటికతో తట్టి, చెవి యొగ్గి వింటుంది. ఖంగుమంటే ఇంటికి తెచ్చుకుంటుంది, లేకుంటే పక్కన పెడుతుంది. 1761లో ఔయెన్‌బ్రుగ్గర్ అనే ఆస్ట్రియా వైద్యుడు, రోగి రొమ్మును తట్టి లోపలి వ్యాధిని గుర్తించే పద్ధతిని గ్రంథస్థం చేశాడు. కాలేయమార్పిడి జరిగిన పసివారికి ఆ ఉపాయమే నేడు కొత్త రూపంలో అక్కరకు వస్తున్నది.

పుట్టిన కొద్ది వారాలలోనే పైత్యనాళాలు మూసుకుపోయి, కాలేయం చెడిపోయే వ్యాధి ఒకటి ఉన్నది. పసివారికి కాలేయమార్పిడి చేయవలసి రావడానికి ముఖ్యకారణం అదే. 1963లో అమెరికాలోని డెన్వర్ నగరంలో డాక్టర్ స్టార్జల్ తొలిసారి ఈ శస్త్రచికిత్సకు పూనుకొన్నది ఒక మూడేళ్ల శిశువుకే. ఆ శిశువు దక్కలేదు. 1967లో ఆయన చేతిలోనే మరొక పసిపాప ఏడాదికి పైగా జీవించింది. 1989లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో తల్లి కాలేయపు భాగాన్ని బిడ్డకు అమర్చి కృతార్థులయ్యారు. 1998లో ఢిల్లీలో ఒక తండ్రి, రెండేళ్లు నిండని కుమారునికి తన కాలేయంలో భాగమిచ్చాడు. ఆ బాలుడు పెరిగి పెద్దవాడై తానే వైద్యుడైనాడు.

కనుక బిడ్డ బ్రతుకుతాడా అన్న ప్రశ్నతో మన పని తీరదు. అమర్చిన కాలేయం యాభై అరవై ఏళ్లు ఎట్లా నిలవాలన్నది నేటి ప్రశ్న.

గాయం మానినచోట చర్మంపై మచ్చకట్టినట్లే, లోపల చిరకాలం వాపు ఉంటే కాలేయంలోనూ పీచువంటి కణజాలం పేరుకుంటుంది. బిడ్డ ఆడుతూ పాడుతూ బడికి పోతూనే ఉంటాడు. నెత్తురు పరీక్షలు సక్రమంగానే ఉండవచ్చు. అయినా లోపల మచ్చ పెరగవచ్చు. ఇంగ్లండులోని బర్మింగ్‌హాం వైద్యులు 2006లో ప్రకటించిన పరిశీలనలో, మార్పిడి జరిగిన పదేళ్లకు పదిమందిలో తొమ్మిదిమంది పిల్లల కాలేయాలలో ఎంతో కొంత పీచు కనిపించింది.

దీనిని కనిపెట్టడానికి చిరకాలంగా ఉన్న సాధనం బయాప్సీ, అంటే సూదితో కాలేయపు తునకను తీసి సూక్ష్మదర్శినిలో చూడడం. ఆ తునక మొత్తం కాలేయంలో సుమారు 50,000వ వంతు మాత్రమే. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకుతో తెలుస్తుంది గాని, మచ్చ అంతటా సమంగా ఉండదు. రక్తస్రావమయ్యే ప్రమాదం కొంత ఉన్నది. పసివారికైతే మత్తుమందు కూడా కావాలి. దీనిని మాటిమాటికీ చేయలేము.

ఇక కొత్త పద్ధతి ఎలాస్టోగ్రఫీ. 2003 ప్రాంతంలో ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు దీనికి ఒక పరికరాన్ని రూపొందించారు. చర్మానికి ఆనించిన చిన్న కడ్డీ మెల్లగా ఒక్క తట్టు తడుతుంది. ఆ కదలిక అలగా కాలేయంలోకి సాగుతుంది. చెవికి వినబడని ధ్వనితో పరికరం ఆ అల వేగాన్ని కొలుస్తుంది. మెత్తని పదార్థంలో అల నెమ్మదిగా, గట్టి పదార్థంలో వేగంగా పోతుంది. సెకనుకు 1.3 మీటర్ల వేగం సుమారు 5 కిలోపాస్కల్‌ల గట్టితనానికి సమానం. సెకనుకు 2 మీటర్లయితే అది 12 అవుతుంది. వేగం రెండింతలైతే గట్టితనం నాలుగింతలన్నమాట. నొప్పి లేదు. సన్నని రొమ్ము గల పిల్లలకు చిన్న కడ్డీలు వేరే ఉన్నవి.

అయితే గట్టితనమంతా మచ్చ కాదు. అప్పుడే భోజనం చేసినా, పైత్యం పారక నిలిచినా, గుండె దోషంవల్ల నెత్తురు నిండినా, శరీరం పరాయి అవయవాన్ని నిరాకరిస్తున్నా కాలేయం గట్టిపడుతుంది. అందుకే పరీక్షకు ముందు బిడ్డను కొన్ని గంటలు పస్తుంచుతారు. మరొక చిక్కు ఉన్నది. పసివారికి అమర్చేది తరచు పెద్దవారి కాలేయంలోని ఎడమ కొస. అది కుడి పక్కటెముకల చాటున గాక పొట్ట పైభాగాన నడుమ ఉంటుంది. కడ్డీని అక్కడే ఆనించాలి. పెద్దవారికి ఏర్పరచిన అంకెలు ఇక్కడ అతకవు. నెత్తురు పరీక్షల అంకెలను గుణించి మచ్చను ఊహించే సూత్రాలకూ ఇదే లోపం. వాటిలో ఒకటి వయస్సునే లెక్కలోకి తీసుకుంటుంది గనుక పిల్లలకు పనికిరాదు.

కనుక ఒక్కనాటి అంకెను చూసి మనం బెదరకూడదు, మురియకూడదు. అదే బిడ్డకు, అదే చోట, అదే పరికరంతో వరుసగా తీసిన కొలతలు ఏ దారిని పోతున్నవో చూడాలి. అంకె నిలకడగా ఉంటే సూదిని వాయిదా వేయవచ్చు. ఎక్కుతూ పోతే కారణం వెదకాలి, అప్పుడు బయాప్సీ తప్పకపోవచ్చు.

ఈ కొలతపై ఆధారపడినది చిన్న విషయం కాదు. నిరాకరణను అణచే మందు తగ్గితే కాలేయం లోలోపల చెడుతుంది, మితిమీరితే మూత్రపిండాలు చెడి అంటురోగాలు సోకుతాయి. బిడ్డ ఆరోగ్యంగా కనిపిస్తున్నాడు గదా అని మందును తామే తగ్గించే తల్లిదండ్రులూ, పరీక్షకు రావడం మానిన యువకులూ ఈ మాట మరువరాదు. మచ్చకట్టే కాలేయం నొప్పి అనదు. మనమే వేళకు తట్టి వినాలి.