గాజుపెట్టెలు లెక్కపెడితే చాలా?

స్టాటిస్టిక్సు చదివేవాడికి ఆస్పత్రి సంగతులెందుకయ్యా అని మిత్రులు అడగవచ్చు. చెబుతాను.

రెండేళ్ళ కిందట మా అక్కకు ఎనిమిదో నెలలోనే నొప్పులు వచ్చి ఆడపిల్ల పుట్టింది. బరువు 1,400 గ్రాములు. "బాక్సులో పెట్టాలమ్మా" అంటూ ఆ ప్రభుత్వాస్పత్రిలోనే వున్న నవజాత శిశు విభాగానికి తీసుకుపోయారు. ఏ వూరి ఆస్పత్రో ఇక్కడ అనవసరం. అద్దంలోంచి చూస్తే ఒక్కొక్క వార్మరు మీద ఇద్దరేసి పిల్లలు. మొత్తం 24 మంది. రాత్రిపూట ఇద్దరే సిస్టర్లు. మూడోనాడు తెల్లవారేసరికి మా పాప పక్కనున్న బిడ్డ లేదు. ఏమైందని అడిగే ధైర్యం నాకు చాలలేదు. అప్పటినుంచీ నన్ను వదలని ప్రశ్న ఒక్కటే. ఒక ఆస్పత్రిలో ఈ వసతులు చాలినంతగా వున్నాయని దేన్నిబట్టి చెప్పాలి?

ముందు అవసరమేమిటో చూద్దాం. 37 వారాలు నిండకుండా పుట్టిన బిడ్డకు మూడు గండాలు. ఒంట్లో కొవ్వు లేక, మనకు ఉక్కగా వున్న గదిలో కూడా చల్లబడిపోతుంది. ఊపిరితిత్తులు పూర్తిగా తయారై వుండవు. సూక్ష్మక్రిములను తట్టుకునే శక్తి వుండదు. 2020 లెక్కల ప్రకారం మన దేశంలో ప్రాణంతో పుట్టిన ప్రతి వెయ్యిమందిలో 20 మంది 28 రోజులు నిండకముందే పోయారు.

దీనికి ప్రభుత్వమే మెట్లు కట్టింది. 2011 కేంద్ర మార్గదర్శకాల ప్రకారం కాన్పు జరిగే ప్రతిచోటా శిశువుకొక మూల, ఆపైన 4 పడకల విభాగం, ఏటా 3,000 కాన్పులు దాటే జిల్లా ఆస్పత్రిలో కనీసం 12 పడకల ప్రత్యేక విభాగం వుండాలి. రోజుల తరబడి వెంటిలేటరు కావలసిన పిల్లలను పెద్ద బోధనాస్పత్రికి పంపాలి. ప్రతి షిఫ్టులోనూ ముగ్గురు నలుగురు పిల్లలకు ఒక సిస్టరు వుండాలి. వెంటిలేటరు మీదున్న బిడ్డకైతే ఇంకా ఎక్కువ కాపలా కావాలి.

ఇప్పుడు నా లెక్క వినండి. 24 మంది పిల్లలకు ఇద్దరు సిస్టర్లు, అంటే తలా 12 మంది. ఒక్కొక్క బిడ్డకు పాలు పట్టి, గుడ్డ మార్చి, చేతులు కడుక్కోవడానికి పావుగంట అనుకుందాం. 12 మందికి మూడు గంటలు. పాలు మాత్రం రెండు గంటలకోసారి పట్టాలి! లెక్క కుదరదు. ఎక్కడో ఒకచోట తగ్గించాలి. తగ్గేది చేతులు కడుక్కోవడమే. ఒక బిడ్డ క్రిమి ఇంకో బిడ్డకు పోయేది ఆ దారినే. ఇందులో సిస్టరు తప్పేమీ లేదు. ఆమెకు రెండు చేతులే.

ఆక్సిజన్ సంగతీ అంతే. తక్కువైతే ప్రాణానికి ముప్పు, ఎక్కువైతే నెల తక్కువ బిడ్డ కంటిచూపుకు ముప్పు. మిషను అంకె చూపిస్తుంది గాని, చూసి తిప్పవలసింది మనిషే. కిక్కిరిసిన గదిలో కరెంటు తీగల మాట కూడా మరువరాదు. 2021 జనవరిలో భండారాలో, 2024 నవంబరులో ఝాన్సీలో ఇలాంటి వార్డులలో నిప్పంటుకుంది. రెండుచోట్లా ఆ రాత్రే పదేసిమంది పసివాళ్ళు పోయారు.

అయితే చవకగా దొరికే వసతి ఒకటుంది. అది తల్లి. 1978 ప్రాంతంలో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక, డాక్టర్ ఎడ్గర్ రే బిడ్డలను తల్లుల రొమ్ముకు ఆనించి కట్టించారు. కంగారూ పద్ధతి అంటే అదే. 2021లో వెలువడిన పరిశోధనలో, మన దేశంతో సహా ఐదు దేశాల ఆస్పత్రులలో 1,000 నుంచి 1,799 గ్రాముల పిల్లలకు పుట్టిన వెంటనే ఇది మొదలుపెట్టి చూశారు. మామూలు పద్ధతిలో నూటికి సుమారు 16 మంది చనిపోగా, ఇందులో 12 మంది. కావలసిందల్లా లోపల తల్లికొక మంచం, ఆమెను రానిచ్చే మనసు.

మా అక్క తొమ్మిది రోజులు వరండాలో కూర్చుని ఉగ్గుగిన్నెలో పాలు పిండి లోపలికి పంపింది. పదోరోజున ఒక పెద్ద సిస్టరు "రా తల్లీ" అని పిలిచి, పాపను గుండెమీద పడుకోబెట్టింది. ఇవాళ ఆ పాప నా పుస్తకాలు చింపుతోంది.

మిత్రులారా, మన వూళ్ళో కొత్త వార్మర్లకు రిబ్బను కత్తిరించినప్పుడు చప్పట్లు కొడదాం. కాని ఆ మీదట మూడు ప్రశ్నలు అడుగుదాం. పడకలెన్ని, పిల్లలెంతమంది? రాత్రి రెండు గంటలకు సిస్టర్లెందరు? తల్లికి లోపల చోటుందా? సమాచార హక్కు చట్టం 2005 నుంచీ మన చేతిలోనే వుంది. ఒక దరఖాస్తు రాయడానికి డాక్టరే కానక్కరలేదు. కూడికలు, భాగహారాలు వస్తే చాలు.