యాంకరేజ్ నుంచి నోమ్‌కు: గంటన్నర ప్రయాణం, రహదారి లేని దూరం

అమెరికాలోని అలాస్కా రాష్ట్రంలో అతి పెద్ద నగరం యాంకరేజ్. దానికి వాయవ్య దిశగా, బేరింగ్ సముద్ర తీరాన ఉన్న చిన్న పట్టణం నోమ్. 2020 జనాభా లెక్కల ప్రకారం నోమ్‌లో నివసించే వారు 3,699 మంది మాత్రమే. ఆకాశమార్గంలో ఈ రెండింటి మధ్య దూరం సుమారు 870 కిలోమీటర్లు. రహదారి మీద ఎంత దూరమని అడిగితే మాత్రం సమాధానం లేదు. నోమ్‌ను రాష్ట్రంలోని ఇతర నగరాలతో కలిపే రహదారి ఇప్పటికీ లేదు.

విమాన దూరాన్ని గోళాకారమైన భూమి ఉపరితలం మీద రెండు చోట్లను కలిపే అతి తక్కువ పొడవు గల వక్రరేఖ ఆధారంగా లెక్కిస్తారు. జెట్ విమానం గంటకు 800 కిలోమీటర్ల వేగంతో ఎగిరితే 870 కిలోమీటర్లకు గంటా ఐదు నిమిషాలు చాలాలి. వాస్తవంలో ప్రయాణానికి సుమారు గంటన్నర పడుతుంది. రన్‌వే వరకు నెమ్మదిగా సాగడం, పైకి ఎగరడం, దిగే ముందు వేగం తగ్గించుకోవడం ఇందుకు కారణాలు. ఎదురుగాలి వీస్తే సమయం పెరుగుతుంది, వెనుక నుంచి వీస్తే తగ్గుతుంది. రెండు చోట్లా గడియారం ఒకే సమయాన్ని చూపుతుంది కనుక కాలమాన భేదాన్ని లెక్కలోకి తీసుకోనక్కరలేదు.

ఈ గంటన్నర విలువ ఏమిటో 1925 నాటి చరిత్ర చెబుతుంది. ఆ ఏడాది జనవరిలో నోమ్‌లో డిఫ్తీరియా, అంటే కంఠసర్పి వ్యాధి ప్రబలింది. పట్టణ వైద్యుడు కర్టిస్ వెల్చ్ వద్ద పనికివచ్చే మందు లేదు. సముద్రం గడ్డకట్టడంతో ఓడలు రాలేవు. ఫెయిర్‌బ్యాంక్స్‌లో ఉన్న విమానాలను శీతకాలం కోసం విడదీసి ఉంచారు. అవి కూడా పైకప్పు లేనివి కావడంతో ఆ చలిలో వాటిని నడపడం ప్రమాదకరమని అధికారులు భావించారు.

దీంతో యాంకరేజ్‌లో ఉన్న మందును రైలులో నెనానా వరకు పంపారు. అక్కడి నుంచి 20 మంది చోదకులు, సుమారు 150 కుక్కలు వంతులవారీగా మంచుబండ్లు లాగుతూ 1,085 కిలోమీటర్లు సాగారు. లియోనార్డ్ సెప్పాలా, ఆయన కుక్క టోగో అన్నిటికంటే పొడవైన భాగాన్ని దాటాయి. గున్నార్ కాసెన్ బండి ఫిబ్రవరి 2న నోమ్ చేరింది. నెనానా నుంచి పట్టిన కాలం ఐదున్నర రోజులకు కొంచెం తక్కువ.

నేడు యాంకరేజ్ నుంచి నోమ్ వరకు ఏటా జరిగే ఇడిటరాడ్ మంచుబండ్ల పోటీ అలాంటి ప్రయాణాలనే గుర్తుచేస్తుంది. 1973లో ఆరంభమైన ఈ పోటీ మార్గం పొడవు సుమారు 1,600 కిలోమీటర్లు. ఆకాశమార్గం కంటే ఇది దాదాపు రెట్టింపు.

తీవ్ర అస్వస్థతకు గురైన రోగిని నోమ్ నుంచి పెద్ద ఆసుపత్రికి తరలించాలంటే నేటికీ విమానమే ఆధారం. మంచు తుపాను వచ్చి విమానం ఆగిపోతే కారులోనో బస్సులోనో బయలుదేరే వీలు లేదు; వాతావరణం తెరిపి ఇచ్చే వరకు వేచి ఉండవలసిందే. కనుక ఇలాంటి పట్టణాల విషయంలో కిలోమీటర్లు, విమాన సమయం తెలిస్తే చాలదు; విమానం లేని రోజున వేరే దారి ఉందా అన్నది కూడా తెలుసుకోవాలి.