ఊళ్ళు తిరిగితే ఏమొచ్చింది?



కొన్నాళ్ళు తరగతి గది దాటి, ఊళ్ళు తిరుగుతూ, పనులు చూస్తూ, మనుషుల్ని అడిగి తెలుసుకోవడం కూడా చదువే. అయితే అలా నేర్చుకుని వచ్చిన అమ్మాయి ఊరిపెద్దల ముందు నాలుగు మాటలు చెప్పబోతే, ముందుగా వచ్చే ప్రశ్న ఒకటే: "ఏమ్మా, బడి వదిలి ఊళ్ళు తిరిగితే ఏమొచ్చింది?" దీనికి సరైన జవాబు రాకపోతే నష్టం ఆమె ఒక్కదానిదే కాదు. రేపు బయలుదేరాలనుకునే పిల్లలకు కూడా గడప దగ్గరే దారి మూసుకుపోతుంది. అందుకని, అలాంటి సభలో ఎలా మాట్లాడితే నలుగురూ వింటారో ఈవేళ చెప్పుకుందాం.

మొదటి సంగతి: చూసిన ఊళ్ళన్నీ వరసగా అప్పజెప్పకండి. వినేవారికి అది బస్టాండులో బోర్డు చదివినట్టు ఉంటుంది. ఒక్క దారిని, అందులో ఒక్క విషయాన్ని ఎంచుకోండి. బళ్ళారి వైపు అమ్మాయి ఒకరు తుంగభద్ర ఎగువ కాలువ వెంట వెళ్ళి వచ్చిందనుకుందాం. "ఆనకట్ట 1953లో పూర్తయింది, 33 గేట్లున్నాయి" అని మొదలుపెడితే, అది పుస్తకంలో ఉన్నదే, దానికి ప్రయాణమెందుకంటారు. అలా కాక, "2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి గొలుసు తెగి 19వ గేటు కొట్టుకుపోయింది. ఆ రాత్రి మీలో ఎంతమందికి నిద్ర పట్టింది?" అని అడిగితే, పొలమున్న ప్రతివారూ తలెత్తి చూస్తారు. వారం తిరిగేసరికి ఆ ఖాళీలో తాత్కాలికపు అడ్డుపలకలు ఎలా దించారో అప్పుడు చెప్పవచ్చు.

రెండవది: తెలుసుకున్నది ఏమిటో చెబితే చాలదు, ఎలా తెలిసిందో కూడా చెప్పాలి. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు, సుమారు 28 లీటర్లు. పరీక్షలో ఇది ఒక మార్కు. తూము దగ్గర నిలబడి చూసిన పిల్ల, "రెండు పెద్ద బిందెల నీళ్ళు, కన్ను మూసి తెరిచేలోగా" అని చెప్పగలదు. పై రైతుకు ఎంత పారుతున్నదో, చివరి రైతుకు ఎంత మిగులుతున్నదో వాళ్ళనే అడిగి లెక్క వేశానంటే, ఆ చదువు విలువ ఎవరూ విడమరచి చెప్పనక్కర లేదు.

మూడవది: ఒక్క మనిషితో మాట్లాడుతున్నట్టు మాట్లాడండి. చెన్నపట్నం సుప్రీంకోర్టులో ద్విభాషిగా ఉన్న ఏనుగుల వీరాస్వామయ్య 1830లో కాశీకి బయలుదేరి సుమారు 15 నెలలు తిరిగారు. దారి, బస, దొరికే వస్తువులు, మనుషుల తీరు, అన్నీ రాసి తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకు పంపారు. అదే 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయింది. ఎదురుగా ఒక మిత్రుడున్నాడనుకున్నప్పుడు గొప్పలు తగ్గుతాయి, వివరం పెరుగుతుంది.

నాలుగవది: వాళ్ళు అడగకముందే కష్టమైన ప్రశ్నలకు జవాబు చెప్పండి. ఎంత ఖర్చయింది, రాత్రిళ్ళు ఎక్కడ ఉన్నావు, తోడెవరు? ఆడపిల్ల తల్లి మనసులో మెదిలేవి ఇవే. ఏమి నష్టపోయారో కూడా దాచకండి. "లెక్కల్లో వెనకబడ్డాను, వచ్చాక కూర్చుని చదువుకున్నాను" అనే మాట పది పొగడ్తల కంటే నమ్మకం కలిగిస్తుంది. సర్టిఫికెట్ సంగతి అడిగితే, 14 ఏళ్ళు నిండినవారు జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ద్వారా పదో తరగతి పరీక్ష రాయవచ్చుననీ, తెలుగు మాధ్యమం కూడా ఉన్నదనీ చెప్పండి. అంతకంటే చిన్నపిల్లలైతే బడి మాన్పించనక్కర లేదు. సెలవుదినాలు చాలు. 2020 జాతీయ విద్యావిధానం సైతం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా, వడ్రంగులు, కుమ్మరులు వంటి పనివారి దగ్గర నేర్చుకోవాలని సూచించింది.

ఇక భాష. మనం ఇంట్లో తెలుగు, బడిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో మాట్లాడేవాళ్ళం. సభకని పుస్తకాల తెలుగు అరువు తెచ్చుకోవద్దు. ముందు రోజు ఇంట్లో అవ్వకు చెప్పి చూడండి. ఆమె "అంటే ఏందే?" అని అడిగిన ప్రతిచోటా మాట మార్చుకోండి. ఆమె కునుకు తీసిన చోట కత్తిరించండి. పది నిమిషాల్లో ముగించి, ప్రశ్నలకు పది నిమిషాలు వదలండి.

చివర ఉపదేశం వద్దు, చిన్న కోరిక కోరండి: "వచ్చే ఆదివారం ఐదుగురు పిల్లల్ని, తోడుగా ఒక పెద్దమనిషిని పంపండి." బరంపురం వారికి చిల్కా ఉంది. యానాం వారికి కోరంగి మడ అడవులున్నాయి. సిరొంచ వారికి ప్రాణహిత గోదావరిలో కలిసే చోటు దగ్గరే. తంజావూరు వారికి సరస్వతీ మహలులో తెలుగు తాళపత్రాలున్నాయి.

ఊళ్ళు తిరిగితే ఏమొచ్చిందని అడిగిన పెద్దాయనే, "మా మనవణ్ణి కూడా పంపుతాను, ఎప్పుడు బయలుదేరతారు?" అని అడిగితే, మీ ప్రసంగం ఫలించినట్టే. సెలవు.