పచ్చడి డబ్బా సరిహద్దు దాటితే..!

బళ్లారిలో ఆవకాయ పెట్టి అమ్ముదామనుకునే తెలుగింటి ఆడపడుచులకు గుంతకల్లు పరాయి ఊరేం కాదు. అదే భాష, అదే రుచి. జీఎస్టీకి మాత్రం అది వేరే రాష్ట్రం!

కర్ణాటకలోనే సరకు అమ్ముకుంటే ఏడాది టర్నోవరు రూ.40 లక్షలు దాటేదాకా సాధారణంగా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఒక్క డబ్బా గుంతకల్లు కొట్టుకు పంపినా తప్పనిసరి. లేకుంటే పన్నుతో పాటు కనీసం రూ.10 వేల జరిమానా పడొచ్చు. లాభం కాస్తా హరించుకుపోతుంది. గుంతకల్లు వాళ్లే బళ్లారి వచ్చి కొనుక్కెళితే ఆ బాధ లేదు. కాంపోజిషన్ పథకంలో చేరినవారు బయటి రాష్ట్రానికి సరకు పంపకూడదు.

అందుకే ముందు ఊళ్లో అమ్మి చూడాలి. గిరాకీ కుదిరాక రిజిస్ట్రేషన్ తీసుకుని సరిహద్దు దాటాలి. ఎఫ్ఎస్ఎస్ఏఐ అనుమతి మాత్రం మొదటి రోజు నుంచే ఉండాలి. ఉద్యమ్ నమోదు ఉచితం. డబ్బులడిగే దళారుల మాట నమ్మొద్దు.