ట్యూబ్‌లైట్ల కోసం పుట్టిన గులాబీ కళ్ళద్దాలు

పార్శ్వనొప్పి మొదలవగానే చాలామంది ముందు చేసే పని కిటికీ తెర లాగేయడం. వెలుతురు కళ్ళల్లో గుచ్చుకుంటోందంటారు. పక్కనున్నవాళ్ళకి అది గారాబంలానో, పని తప్పించుకునే ఎత్తులానో కనిపిస్తుంది. ఈ బాధకి కంటిలో ఆధారం ఉందని తేలడానికి బాగా ఆలస్యమైంది. అంతకు ఎన్నో ఏళ్ళ ముందే, కారణం తెలియకుండానే, ఉపశమనం ఇచ్చే వస్తువు ఒకటి తయారైపోయింది. లేత గులాబీ రంగు అద్దిన ఆ కళ్ళద్దం పేరు ఎఫ్‌ఎల్-41.

ఇది ఇంగ్లండులో పుట్టింది. పుట్టించింది పార్శ్వనొప్పి కాదు, ట్యూబ్‌లైటు. పాతకాలపు చోక్ పెట్టిన ట్యూబ్‌లైటు నిలకడగా వెలుగుతున్నట్టే ఉంటుంది. నిజానికి 50 హెర్ట్జ్ కరెంటు మీద దాని వెలుగు సెకనుకి 100 సార్లు పెరిగి తగ్గుతుంటుంది. ఆర్నాల్డ్ విల్కిన్స్ అనే పరిశోధకుడు సహచరులతో కలిసి ఒక ఆఫీసులో ఉద్యోగులకి చెప్పకుండా లైట్లు మార్చి చూశాడు. సెకనుకి వేలసార్లు కొట్టుకునే ఎలక్ట్రానిక్ చోక్ పెట్టిన లైట్ల కింద తలనొప్పులు, కంటి అలసట సగానికి పైగా తగ్గాయి. 1989లో అచ్చయిన ఫలితం ఇది.

ట్యూబ్ లోపలి గోడకి పూసిన తెల్లని పొడిలోనే అసలు సంగతి ఉంది. ఆ పొడిలో కొన్ని పదార్థాలు విద్యుత్తు తగ్గిన క్షణంలో కూడా ఇంకాస్త వెలుగుతూ ఉంటాయి. అవి ఎక్కువగా ఎరుపు వైపు రంగులిచ్చేవి. నీలం వైపువి వెంటనే ఆరిపోతాయి. కాబట్టి మినుకు ప్రధానంగా నీలం భాగంలోనే ఉంటుంది. నీలాన్ని మింగే గులాబీ అద్దం పెట్టుకుంటే మినుకు తగ్గుతుంది, కళ్ళు స్థిమితపడతాయి. ఇదీ తర్కం.

1991లో బర్మింగ్‌హామ్‌లో వైద్యులు పార్శ్వనొప్పి ఉన్న పిల్లల మీద దీన్ని ప్రయోగించారు. కొందరికి గులాబీ అద్దాలు, కొందరికి నీలం అద్దాలు. మొదట్లో రెండు జట్లకీ బాగానే ఉంది. నాలుగు నెలలు తిరిగేసరికి నీలం అద్దాల మేలు నిలవలేదు. గులాబీ అద్దాల పిల్లలకి మాత్రం నెలకి సగటున 6.2 సార్లు వచ్చే నొప్పి 1.6 సార్లకి దిగింది. పిల్లలు కొద్దిమందే, అయినా తేడా కొట్టిపారేయలేనిది. నాకు దీనిలో ముఖ్యంగా తోచేది ఒకటుంది: ట్యూబ్‌లైటు మినుకొక్కటే కారణమైతే, ఎండలో ఆడుకునే పిల్లల నొప్పి ఇంతగా ఎందుకు తగ్గాలి? జవాబు చెప్పగల కణం గురించి అప్పటికి ఎవరికీ తెలియదు.

సూచన అయితే ఎప్పుడో దొరికింది. 1923లోనే క్లైడ్ కీలర్ అనే అమెరికన్, చూపు లేని ఎలుకల కంటిపాపలు వెలుతురుకి ముడుచుకోవడం గమనించాడు. దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. వెలుతురుని పట్టేవి దండకణాలు, శంకుకణాలే అని పాఠ్యపుస్తకాలు దశాబ్దాలపాటు చెబుతూ వచ్చాయి. 1998లో ఇగ్నాసియో ప్రొవెన్సియో కప్ప చర్మపు రంగుకణాల్లో మెలనాప్సిన్ అనే వెలుతురు పట్టే పదార్థాన్ని కనుక్కున్నాడు. రెండేళ్ళకి అదే పదార్థం మనిషి రెటీనా లోపలి పొరలోనూ దొరికింది.

2002లో బ్రౌన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ బెర్సన్ చేసిన పని గురించి చదివినప్పుడల్లా అబ్బురంగా ఉంటుంది. ఎలుక మెదడులో నిద్రవేళల్ని నడిపే చోట రంగు గుళికలు ఎక్కించాడు. అవి నాడుల వెంట వెనక్కి పాకి రెటీనాలో కొన్ని కణాల్ని మాత్రం మెరిపించాయి. ఆ కణాల్లో ఒకదానికి సన్నని గాజుసూది తగిలించి, దండకణాల నుంచీ శంకుకణాల నుంచీ వచ్చే కబురుని మందులతో ఆపేశాడు. అయినా వెలుతురు పడగానే కణం స్పందించింది. చుట్టుపక్కల కణజాలం నుంచి దాన్ని విడదీసినా స్పందించింది. ఈ కణాలకి అన్నిటికంటే ఎక్కువ తగిలేది 480 నానోమీటర్ల దగ్గరి నీలివెలుగు. గులాబీ అద్దం తగ్గించేది కూడా ఆ చుట్టుపక్కల వెలుగునే.

నొప్పితో ముడి 2010లో బయటపడింది. హార్వర్డ్‌లో రోడ్రిగో నొసెడా, రామి బర్‌స్టీన్ పార్శ్వనొప్పి ఉన్న 20 మంది అంధుల్ని పరీక్షించారు. వారిలో ఆరుగురికి కన్ను తీసేసో, దృక్‌నాడి చెడిపోయో వెలుతురు ఏమాత్రం తెలియదు. వారికి వెలుతురుతో నొప్పి పెరగలేదు. మిగతా 14 మందికి ఆకారాలు కనపడకపోయినా వెలుతురు ఉందో లేదో తెలుస్తుంది. వారికి నొప్పి పెరిగింది. ఎలుకల్లో వెతికితే దారి దొరికింది: రెటీనా నుంచి వచ్చే నాడీతంతులు మెదడులోని థాలమస్‌లో, మెదడుని కప్పే పొర నొప్పిని మోసే కణాల దాకా వెళ్తున్నాయి. వెలుతురు పడితే ఆ నొప్పికణాలే జోరందుకుంటున్నాయి.

కథ ఇక్కడితో చక్కబడిందనుకుంటే పొరపాటే. కనురెప్పలు వాటంతటవే గట్టిగా మూసుకుపోయే బ్లెఫరోస్పాజమ్‌కి ఎఫ్‌ఎల్-41 పనికొస్తుందని 2009లో చూపిన యూటా విశ్వవిద్యాలయం వారే, తర్వాత పార్శ్వనొప్పి ఉన్నవారి కోసం 480 నానోమీటర్ల వెలుగుని ఆపే అద్దాలు చేయించారు. పోల్చి చూడటానికని 620 నానోమీటర్ల దగ్గర ఆపే మరో జత ఇచ్చారు. 2016లో ఫలితం వస్తే, ఉత్తుత్తివనుకున్న ఆ రెండోవీ మేలు చేశాయి! అదే ఏడాది బర్‌స్టీన్ బృందం నీలం, ఎరుపు, పసుపు వెలుగులు నొప్పిని పెంచుతున్నాయనీ, పలచటి ఆకుపచ్చ వెలుగు అన్నిటికంటే తక్కువ బాధిస్తోందనీ చూపింది. అంటే రంగులు పట్టే శంకుకణాలకీ ఇందులో వాటా ఉంది. 2020లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పరిశోధన రెండిటినీ కలిపింది: మెలనాప్సిన్ కణం తన సొంత కబురుతో పాటు శంకుకణాల కబురునీ మోస్తుంది, పార్శ్వనొప్పి ఉన్నవారిలో ఆ కబురు అసౌకర్యంగా మారే చోట పెద్దదవుతుంది. వారి కంటిపాపలు మాత్రం అందరివిలాగే ముడుచుకున్నాయి. కంటి పరీక్షలో ఏమీ లేదని చెప్పి పంపేస్తే, ఆ మనిషికి బాధ లేనట్టు కాదన్నమాట.

గులాబీ అద్దం దొరకనివాళ్ళు ఇంట్లోనూ నల్లద్దాలు పెట్టుకుని కూర్చుంటారు. నరాల వైద్యులు వద్దనేది ఇదే. కళ్ళు చీకటికి అలవాటుపడి, తర్వాత మామూలు వెలుతురు కూడా ఇంకా గట్టిగా తగులుతుంది. నల్లద్దాలు ఎండలోకి వెళ్ళినప్పుడు పెట్టుకోవాలి, గుమ్మం దాటి లోపలికి రాగానే తీసేయాలి.