రివాల్వరు ట్రిగ్గరు రకాలు

రివాల్వరు ఒక చేతి తుపాకి. ఇందులో తూటాలు సిలిండరులోని గదులలో ఉంటాయి. సిలిండరు తిరిగినప్పుడల్లా ఒక్కొక్క గది గొట్టానికి ఎదురుగా వచ్చి నిలుస్తుంది. తూటా పేలాలంటే వెనుకనున్న సుత్తి వెనక్కు వంగి, స్ప్రింగు బలంతో ముందుకు వచ్చి తూటా అడుగున కొట్టాలి. ఈ పనిలో ట్రిగ్గరు ఎంత భాగం నిర్వహిస్తుందనే దానిని బట్టి రివాల్వర్లను మూడు రకాలుగా విభజిస్తారు. గురి కుదిరే తీరు, ఆయుధం పొరపాటున పేలే అవకాశం రెండూ ఈ తేడాపై ఆధారపడి ఉంటాయి.

రకాలు

సింగిల్ యాక్షన్: ఇందులో ట్రిగ్గరు చేసే పని ఒక్కటే, సుత్తిని విడుదల చేయటం. ముందుగా బొటనవేలితో సుత్తిని వెనక్కు లాగాలి. అప్పుడు సిలిండరు తిరుగుతుంది, సుత్తి వెనుకనే నిలిచిపోతుంది. ఆ తరువాత ట్రిగ్గరు కొద్దిగా కదిలితే చాలు. దీనికి సాధారణంగా 1 నుండి 2 కిలోల బలం సరిపోతుంది. చేయి తక్కువగా కదులుతుంది కనుక గురి బాగా కుదురుతుంది. అయితే ప్రతి తూటాకూ సుత్తిని మళ్ళీ లాగవలసి ఉంటుంది.

డబుల్ యాక్షన్: ఇందులో ట్రిగ్గరును నొక్కినప్పుడు సిలిండరు తిరగటం, సుత్తి వెనక్కు వెళ్ళి విడుదల కావటం వరుసగా జరిగిపోతాయి. వేలు ఎక్కువ దూరం ప్రయాణించాలి, సుమారు 4.5 నుండి 6 కిలోల బలం కావాలి. ఈ రకం రివాల్వర్లలో చాలావాటిని సుత్తి లాగి సింగిల్ యాక్షన్ పద్ధతిలోనూ పేల్చవచ్చు.

కేవల డబుల్ యాక్షన్: ఇందులో సుత్తిని వెనక్కు లాగి నిలిపే వీలు ఉండదు. సుత్తికి బొటనవేలి పట్టు ఉండదు, లేదా సుత్తి పూర్తిగా లోపలే దాగి ఉంటుంది. జేబు నుండి తీసేటప్పుడు బట్టలకు చిక్కుకోదు.

చరిత్ర

అమెరికాకు చెందిన శామ్యూల్ కోల్ట్ 1836లో తన దేశంలో పేటెంటు పొందిన రివాల్వరు సింగిల్ యాక్షన్ రకానిది. 1851లో ఇంగ్లాండుకు చెందిన రాబర్ట్ ఆడమ్స్ ట్రిగ్గరు నొక్కితేనే సుత్తి లేచే రివాల్వరుకు పేటెంటు పొందాడు. అదే సంవత్సరం లండన్ మహా ప్రదర్శనలో ఈ రెండు రకాలూ ప్రదర్శించబడ్డాయి. కోల్ట్ రివాల్వరుకు గురి, ఆడమ్స్ రివాల్వరుకు వేగం బలాలుగా పేరు పొందాయి. 1850ల మధ్యలో ఫ్రెడరిక్ బ్యూమాంట్ అనే సైనికాధికారి ఆడమ్స్ రివాల్వరును సవరించి, రెండు పద్ధతులలోనూ పనిచేసేలా చేశాడు.

బ్రిటిష్ సైన్యం 1887లో స్వీకరించిన వెబ్లీ రివాల్వరు కూడా రెండు పద్ధతులలో పనిచేసేది. 1938లో వచ్చిన ఎన్‌ఫీల్డ్ నెం. 2 మార్క్ 1 స్టార్ నమూనాలో మాత్రం సుత్తి పట్టును తొలగించారు. ట్యాంకుల లోపలి ఇరుకులో ఆ పట్టు చిక్కుకోవటమే దీనికి కారణంగా చెబుతారు. రష్యాకు చెందిన 1895 నాటి నగాంత్ రివాల్వరును సామాన్య సైనికులకు సింగిల్ యాక్షన్‌గా, అధికారులకు డబుల్ యాక్షన్‌గా ఇచ్చేవారు.

ఎంపిక

చాలా రివాల్వర్లకు పిస్తోళ్ళకు ఉన్నట్టు ప్రత్యేకమైన సేఫ్టీ మీట ఉండదు. బరువైన, పొడవైన ట్రిగ్గరు లాగుడే ఆ పని చేస్తుంది. సుత్తి లేపి ఉంచిన రివాల్వరులో ఈ రక్షణ పోతుంది. భయంతో చేతులు వణుకుతున్నప్పుడు ఒకటి రెండు కిలోల ఒత్తిడి తెలియకుండానే పడవచ్చు. పేల్చకుండా సుత్తిని దించే సమయంలో బొటనవేలు జారినా ప్రమాదమే. అందువలన ఆత్మరక్షణకు డబుల్ యాక్షన్ పద్ధతినే శిక్షకులు ఎక్కువగా సూచిస్తారు. ఒక తూటా పేలకపోతే ట్రిగ్గరును మరల నొక్కగానే తరువాతి గది ఎదురుగా రావటం మరొక సౌకర్యం.

లక్ష్యసాధనకు సింగిల్ యాక్షన్ అనుకూలం. అంతర్జాతీయ పోటీలలో 25 మీటర్ల సెంటర్ ఫైర్ పిస్టల్ అంశంలో రివాల్వర్లను కూడా అనుమతిస్తారు. ఇందులో ట్రిగ్గరు బరువు కనీసం 1000 గ్రాములు ఉండాలి.

వేళ్ళలో బలం తక్కువగా ఉన్నవారికి డబుల్ యాక్షన్ కష్టమనిపించవచ్చు. అయితే స్ప్రింగును మరీ మెత్తబరిస్తే సుత్తి దెబ్బ చాలక తూటా పేలకపోవచ్చు. ఇటువంటి మార్పులను, మరమ్మతులను లైసెన్సు గల వృత్తిదారు మాత్రమే చేయాలి.

పాత సింగిల్ యాక్షన్ రివాల్వర్లలో దించి ఉన్న సుత్తికి దెబ్బ తగిలినా తూటా పేలే అవకాశం ఉంది. అందుచేత ఆరు గదులలో ఐదింటినే నింపి, సుత్తి కింద ఖాళీ గది ఉంచటం ఆనవాయితీ. ఆధునిక రివాల్వర్లలో దీనిని నివారించే లోపలి ఏర్పాట్లు ఉంటాయి.

భారతదేశంలోను, కోనసీమలోను

ఆయుధాల నియమాల ప్రకారం .380, .455 అంచు తూటాలు పేల్చగల రివాల్వర్లు నిషిద్ధ వర్గంలోకి వస్తాయి. అందువలన పౌరుల వద్ద .32 రివాల్వరు ఎక్కువగా కనిపిస్తుంది. కాన్పూరులో తయారైన .32 రివాల్వరు వెబ్లీ నమూనాను అనుసరించినది, రెండు పద్ధతులలోనూ పనిచేస్తుంది. 2014లో మహిళల కోసమంటూ సుమారు 500 గ్రాముల బరువుతో నిర్భీక్, 2023లో సిలిండరు పక్కకు తెరుచుకునే ప్రబల్ విడుదలయ్యాయి.

1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు తప్పనిసరి. దరఖాస్తుదారుకు సాధారణంగా 21 సంవత్సరాలు నిండాలి. పోలీసు విచారణ నివేదిక అందిన తరువాత జిల్లా మేజిస్ట్రేటు నిర్ణయం తీసుకుంటారు. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలు పూర్వం కాకినాడ కేంద్రంగా ఉన్న తూర్పు గోదావరి జిల్లాలో ఉండేవి. 2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా ఏర్పడింది. 2019 సవరణతో ఒక వ్యక్తి కలిగి ఉండగల ఆయుధాల సంఖ్య మూడు నుండి రెండుకు తగ్గింది. వేడుకలలో నిర్లక్ష్యంగా కాల్పులు జరపటం శిక్షార్హమైంది.

గోదావరి పాయలకు, సముద్రానికి మధ్యనున్న కోనసీమ వంటి తేమ ప్రాంతంలో ఉక్కు భాగాలు త్వరగా తుప్పు పడతాయి. తుప్పు, గడ్డకట్టిన నూనె ట్రిగ్గరు కదలికను బరువెక్కించవచ్చు, సుత్తిని సరిగా నిలవనీయకపోవచ్చు. తోలు తొడుగు తేమను పట్టి ఉంచుతుంది కనుక రివాల్వరును అందులోనే ఎక్కువ కాలం నిల్వ చేయరాదు.

జాగ్రత్తలు

* రివాల్వరును చేతిలోకి తీసుకోగానే సిలిండరు తెరచి, గదులన్నీ ఖాళీగా ఉన్నాయేమో చూడాలి. ఎన్నికల సమయంలో పోలీసు స్టేషనులో అప్పగించే ముందు కూడా ఇది తప్పనిసరి.
* పేల్చాలని నిశ్చయించుకునే వరకు వేలు ట్రిగ్గరుపై ఉంచరాదు.
* సుత్తి లేపిన స్థితిలో రివాల్వరును మోయరాదు, ఇతరులకు అందించరాదు.
* ఆయుధాన్ని, తూటాలను పిల్లలకు అందకుండా వేరువేరుగా తాళం వేసి ఉంచాలి.

ఇవి కూడా చూడండి

* తుపాకి
* పిస్తోలు
* కోనసీమ